రెండెక్కువ

వాల్వు నడినెత్తికి రావాలంటే చక్రం ఇంకో జానెడు తిరగాలి. జాకీ మీద లేచి ఉన్న ట్రాక్టరు వెనక చక్రానికి మోకాలు ఆనించి, రెండు చేతులా పట్టి, ఫిట్టరు ఒక్క తోపు తోశాడు. చక్రం బద్ధకంగా కదిలి ఆగింది. లోపలి గాలి ఉస్సుమని పోయేదాకా ఉండి, టైరుకి బరువు రావడానికి నీళ్ళగొట్టం తగిలించి, పక్కనున్న పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. ముక్కాలు వంతు నిండేదాకా ఇక చేసేదేం లేదు. లోపల నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూడడానికి ఈ మధ్య ఏవేవో సాధనాలు వచ్చాయి గానీ, అతనికి అరచెయ్యి చాలు. టైరు పక్కకి ఆనిస్తే నీళ్ళున్నంత మేర చల్లగా తగులుతుంది, ఆ పైన వెచ్చగా ఉంటుంది. చలవ ఎక్కడ ఆగిందో అక్కడ సుద్దముక్కతో గీత గీస్తాడు. ఆ గీత తప్పిందని ఈ ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరూ అనలేదు.

ముప్ఫై నాలుగేళ్ళంటే మాటలా! ఇదే రేకుల షెడ్డు, ఇదే నూనె మరకల నేల, గోడవారగా వరసగా నిలబెట్టిన ఇవే ఇనపదిమ్మలు. దిమ్మంటే నలభై అయిదు కిలోల పోత ఇనుము, పైన పట్టుకోవడానికి ఒక పిడి. ట్రాక్టరు వెనక బరువైన నాగలి తగిలించి పైకెత్తితే ముందు భాగం తేలిపోతుంది. తేలితే స్టీరింగు ఎటు తిప్పినా ముందు చక్రాలు మాట వినవు. అందుకని ముందున్న కమ్మీకి ఈ దిమ్మలు తగిలిస్తారు. ఏ బండికి ఎన్ని తగిలించాలి, ఎంత నీళ్ళు నింపాలి, ఎక్కడ ఆపాలి, ఇదీ అతని ఉద్యోగం. వయసులో ఉండగా చెయ్యికొకటి చొప్పున రెండేసి దిమ్మలు మోసుకెళ్ళి, చూసేవాళ్ళు అబ్బా అంటే మీసం కింద నవ్వుకునేవాడు. ఆ బడాయికి ఫలితంగా ఇప్పుడు నడుం ఎడమవైపుకి వంగిపోయింది. నిటారుగా నిలబడ్డా పక్కవాడి చెవిలో ఏదో చెబుతున్నట్టే ఉంటాడు.

"ఏమయ్యా రెండెక్కువా! నా బండి ఇవాళైనా ఇస్తావా, లేక కాళ్ళొచ్చి అదే ఇంటికి నడిచొస్తుందా?"

బంగాళాదుంపలు పండించే ఆసామి గుమ్మంలోంచే అరిచాడు. మెల్లగా మాట్లాడడం ఆయన ఒంట్లో లేదు. భోజనానికి పిలిచినా, పామొచ్చిందని చెప్పినా అదే గొంతు.

"నిండుతోంది. కూర్చోండి," అన్నాడు ఫిట్టరు.

"నింపు. నిండా నింపు. పోయినేడు మెట్ట చేలో చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఈసారి మెడదాకా నింపు."

"ముక్కాలే. గాలికీ చోటుండాలి."

"మరి ముందర?"

"కంపెనీ పుస్తకంలో ఆరన్నారు. ఎనిమిది వేస్తా."

"అదీ! అందుకేగా పన్నెండు మైళ్ళు నీ దగ్గరికే వచ్చేది," అని ఆసామి తృప్తిగా తల పంకించాడు.

ఆ పేరు అలా వచ్చిందే. నాగలి పూర్తిగా పైకెత్తించి, ముందు టైరు కింద గోనెపట్టా ముక్క ఒకటి వేసి, ఒంటిచేత్తో లాగుతాడు. పట్టా ఊడొస్తే ముందు తేలుతున్నట్టు. ఊడిరాకుండా బిగిసేదాకా ఒక్కో దిమ్మా తగిలిస్తాడు. అక్కడితో ఆపాలి నిజానికి. కానీ ఆపడు. ఆ పైన మరో రెండు వేస్తాడు. ఎవరి బండైనా సరే, ఎంత చెప్పినా సరే. "ఎందుకయ్యా?" అంటే, "ఉంటే మంచిదేగా," అంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు. అంతకుముందు అతన్ని ఎవరూ అలా పిలిచేవారు కాదు. అంతకుముందు అతను పుస్తకంలో ఎన్నని ఉంటే అన్నే వేసేవాడు.

నాలుగు నెలల కిందట షెడ్డు యజమాని కూతురు యంత్రాల చదువు పూర్తిచేసి వచ్చింది. వస్తూ వస్తూ నాలుగు ఇనపపలకలు తెచ్చింది. ఒక్కో చక్రం ఒక్కో పలక మీదికి ఎక్కిస్తే, తీగ చివరున్న చిన్న పెట్టెలో ఆ చక్రం మీద ఎంత బరువుందో అంకెల్లో కనిపిస్తుంది. షెడ్డులో అందరూ ఆ పిల్లని ఇంజనీరమ్మ అంటారు. ఆ పిల్ల మాత్రం ఫిట్టరుని బాబాయ్ అని తప్ప పిలవదు. చిన్నప్పుడు ఈ దిమ్మల మీదే కూర్చుని అతను ఇచ్చిన సుద్దముక్కలతో బొమ్మలు గీసిన పిల్ల మరి.

ఆసామి బండికి ఎనిమిది దిమ్మలూ తగిలించాక ఇంజనీరమ్మ దాన్ని పలకల మీదికి ఎక్కించింది. పెట్టె చూసి, ముందు యాక్సిల్ ఎంత మోయగలదో దాని మీద అచ్చేసిన అంకె చూసి, మళ్ళీ పెట్టె చూసింది.

"బాబాయ్, రెండు తీసేద్దాం."

"ఉంటే మంచిదేగా తల్లీ."

"మంచిది కాదు. నాగలి ఎత్తినప్పుడు మొత్తం బరువులో అయిదో వంతు ముందు చక్రాల మీద ఉంటే స్టీరింగు వింటుంది. ఆరుతోనే అది వచ్చేసింది. ఈ ఎనిమిదీ పెట్టుకుని, వెనక నాగలి తీసేసి గతుకుల రోడ్డు మీద పోతే ఆ దెబ్బంతా ఎవరు మోస్తారు? యాక్సిలూ, బేరింగులూ, నడిపేవాడి చేతులూ."

"మరి చక్రాలు జారవూ?" అని ఆసామి మధ్యలో దూరాడు.

"కొంచెం జారాలండీ. వంద చుట్లు తిరిగితే పది పన్నెండు వృథాగా పోవాలి. అసలు జారకుండా బిగించేస్తే ఆ లాగుడంతా లోపల గేర్ల మీద పడుతుంది. బయట జారకపోతే లోపల విరుగుతుంది."

ఆసామి "ఇన్నాళ్ళూ నేను జారనివ్వకుండా చూసుకున్నానే!" అని, తన గేరుపెట్టె ఎందుకు రెండుసార్లు విప్పాల్సి వచ్చిందో అప్పటికప్పుడు తట్టి, ఫిట్టరు వైపు గుర్రుగా చూశాడు. ఫిట్టరు గొలుసు పుల్లీ తగిలించి రెండు దిమ్మలూ దించాడు. మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఆసామి బండి తీసుకుని, పోతూ పోతూ కూడా అరుస్తూనే పోయాడు.

అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. "కోపమొచ్చిందా బాబాయ్?"

"నీమీద కోపమేంటే పిచ్చిదానా."

"మరి ఎందుకు ఆ రెండెక్కువ? లెక్క తెలియక కాదు. నీ గోనెపట్టా లెక్కా నా పలకల లెక్కా ఒక్క దిమ్మ కూడా తేడా రావట్లేదు. చూశాగా."

అతను చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన వేలినే మళ్ళీ తుడిచాడు. "భయం," అన్నాడు చివరికి.

"దేనికి?"

"తేలిపోతుందని."

ఆ పిల్ల ఇంకేదో అడగబోయింది గానీ లోపలినుంచి తండ్రి కేకేశాడు. లేచి వెళ్ళింది. బతికించింది. ఇంకొక్క ప్రశ్న వేస్తే అతను ఏం చెప్పేవాడో అతనికే తెలియదు.

అతనికో అన్న ఉండేవాడు. సొంత ట్రాక్టరుతో ఊళ్ళవాళ్ళ పొలాలకి దున్నిపెట్టేవాడు, ఎరువు చల్లిపెట్టేవాడు. నవ్వితే పక్కవీధికి వినిపించేది. తమ్ముడి పనంటే అన్నకి ఎంత గురంటే, బండి షెడ్డునుంచి తీసుకెళ్ళేటప్పుడు ఒక్క నట్టు కూడా ముట్టి చూసేవాడు కాదు. "మావాడు బిగించాడంటే మళ్ళీ నేను చూడ్డమేంటి?" అనేవాడు అందరి ముందూ.

ఒకసారి బండి గ్రీజుకని షెడ్డులో పెట్టాడు. ఆ సాయంత్రమే వేరే ఆయనెవరో, తెల్లారితే పని ఉందని, దిమ్మలు కావాలని ప్రాణం తీశాడు. కొత్త దిమ్మలు మర్నాడు గానీ రావు. ఒక్కపూటే కదా అని ఫిట్టరు అన్న బండికున్న ఆరింటిలో రెండు తీసి ఆయన బండికి బిగించాడు. పొద్దున్న కాస్త ముందొచ్చి, అన్న రాగానే చెబుదామనుకున్నాడు. అన్న అతనికంటే ముందొచ్చాడు. పొగమంచు. వెనక ఎరువు చల్లే యంత్రం, దాన్నిండా ఎరువు. ముందు ఎన్ని దిమ్మలున్నాయో అన్న చూడలేదు. తమ్ముడు పెట్టిన బండిని చూడడం ఆయనకి అలవాటు లేదు. కాలవ పక్కన వాలు ఎక్కుతూ, మలుపులో స్టీరింగు తిప్పాడు. బండి తిరగలేదు. తిన్నగా కాలవలోకి పోయి బోర్లా పడింది. అన్న దాని కిందే పోయాడు.

ఇంతవరకైతే పొరపాటనుకోవచ్చు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. కానీ బండిని పైకి తీసి షెడ్డుకి లాక్కొచ్చాక, ఎవరూ చూడకుండా, ఫిట్టరు అప్పుడే వచ్చిన కొత్త దిమ్మల్లో రెండు తెచ్చి ఖాళీ చోట తగిలించాడు. బోల్టులు బిగించి, బురద పూశాడు. తర్వాత విచారణకి వచ్చినవాళ్ళు లెక్కపెట్టి ఆరూ ఉన్నాయనీ, నడిపినవాడు వేగంగా పోయాడనీ కాగితం మీద రాసుకుని పోయారు. అందరూ అదే అనుకున్నారు. వదిన కూడా అదే అనుకుంది. అనుకోవడానికి ఆవిడకి ఇంకో కారణం కూడా ఉంది.

ఆ పొద్దున్న మొగుడూ పెళ్ళాం మాటా మాటా అనుకున్నారు. రోజూ పొద్దుపోయి వస్తున్నాడని ఆవిడ బాధ. బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, "ఇవాళ కూడా ఆలస్యమైతే అసలు ఇంటికే రాకు," అంది. అంతే. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు అనే మాటే. ఆ మాటకి జడిసే ఆయన తొందర తొందరగా పోయాడని, తన నోరే ఆయన్ని చంపిందని, ఆవిడ ఇరవై రెండేళ్ళుగా నమ్ముతోంది. పిల్లల్లేరు. ఆయన పోయిన నాలుగో నెలలో మరిది చేత ట్రాక్టరు నేర్పించుకుని, అదే బండి తనే నడపడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం మరిదికి భోజనం పెడుతుంది. ఆ భోజనాల మధ్యలో ఎప్పుడో ఒకసారి చెయ్యి ఆగిపోయి, ఆ మాట ఎత్తుతుంది. "ఊరుకో వదినా," అంటాడు అతను. చెబుదామనే ప్రతిసారీ వెళ్తాడు. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటాడు. ఆవిడ పీట వేసి, కంచం పెట్టి, "చిక్కిపోయావేంటి?" అనగానే తల వంచుకుని తినేస్తాడు. ఈ ఆదివారం కాదులే, వచ్చే ఆదివారం అనుకుంటాడు. అలా ఎన్ని ఆదివారాలో!

మధ్యాహ్నం రెండు దాటాక ఆ బండి చప్పుడు వినిపించింది. పది బండ్ల మధ్యలో ఉన్నా ఆ చప్పుడు అతను గుర్తుపడతాడు. వదిన గేటు దగ్గర మలుపు తిప్పడానికి సీట్లోంచి సగం లేచి, స్టీరింగు మీద ఒళ్ళంతా వేసి లాగింది. కుడిచేత్తో కాదు, ఎడమచేత్తో. కుడి భుజానికి పట్టీ కట్టి ఉంది.

"ఏం మరిదిగారూ, బతికే ఉన్నావా? పోయిన ఆదివారం రాలేదేం? వండిందంతా నేనే తిని ఇలా అయ్యా చూడు," అంది దిగుతూ. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఎండకి నల్లబడి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నవ్వితే ఇప్పటికీ చిన్నపిల్లలా పైపన్ను కనిపిస్తుంది.

"నడుం నొప్పి వదినా. భుజానికేమైంది?"

"డాక్టరు దగ్గరికెళ్ళా. అరిగిపోయిందట. ఇక ఆ బండి ఎక్కావంటే చెయ్యి పైకి లేవదు, జుట్టు కూడా ముడేసుకోలేవు అన్నాడు. ఈ ఒక్క పంటకీ నడిపి అమ్మేస్తా. ఏదైనా మంచి బేరం ఉంటే చూడు." తేలిగ్గానే అంది గానీ, బండి మూతి మీద చెయ్యి వేసి తియ్యలేదు. "అమ్మేశాక పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తెలీట్లేదు అబ్బాయ్. ఇది తప్ప నాకేం చేతనవును?"

ఇంజనీరమ్మ వచ్చింది. "పెద్దమ్మా, బండి నేను పలకల మీద పెడతా, నువ్వు కూర్చో," అని ఎక్కింది. స్టీరింగు తిప్పబోయి ఆగింది. రెండు చేతులతో తిప్పింది. పళ్ళు బిగపట్టి తిప్పింది. పలకలెక్కించి దిగేసరికి మొహం ఎర్రగా ఉంది.

"ఇదేం బండి పెద్దమ్మా! ఇది నడుపుతున్నావా నువ్వు ఇన్నాళ్ళూ?"

"ఇది ఇంతే. మొండిది. మా ఆయన లాగే," అని వదిన నవ్వింది.

అమ్మాయి ముందుకి వచ్చి వేలు పెట్టి లెక్కపెట్టింది. ఎనిమిది. పెట్టెలో అంకె చూసింది. ఫిట్టరు వైపు తిరిగింది. "బాబాయ్, వెనక ఉన్నది విత్తనాల గొర్రు. తేలికది. దీనికి నాలుగు చాలు. నాలుగెక్కువ ఉన్నాయి."

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ," అన్నాడు. అందరికీ రెండెక్కువ, వదినకి నాలుగు. ఆ బండి ఎప్పటికీ, ఏ వాలు మీదా తేలకూడదని.

"నూట ఎనభై కిలోలు! ఈ స్టీరింగుకి సాయం చేసే పంపు కూడా లేదు బాబాయ్, అంతా చేతుల బలమే. ఇరవై ఏళ్ళు ఇలా లాగితే భుజం అరక్క ఏమవుతుంది?" అనేసి, అన్నాక నాలిక కరుచుకుంది.

ఫిట్టరు వదిన భుజం పట్టీకేసి చూశాడు. ఆ భుజం తను అరగదీశాడా! ఆవిడని కాపాడుతున్నాననుకుంటూ, ప్రతి పంటకీ ముందు తన చేతులతో తనే ఆ బోల్టులు బిగించి, ఆవిడ చెయ్యి విరిచి పెట్టాడా! ఇంతకంటే ఆ రోజు కాలవలో తనే పడి ఉంటే నయం.

వదిన మాత్రం అమ్మాయి వీపు నిమిరింది. "వాణ్ణి ఏమీ అనకమ్మా. నేను కూడా ఆయన్లాగే పోతానేమోనని వాడి భయం. ఇంకెవరున్నారు మా ఇద్దరికీ? కానీ ఆయన పోయింది బరువు తక్కువై కాదు తల్లీ. బరువులన్నీ ఉన్నాయి, లెక్కపెట్టారు కూడా. ఆయన పోయింది నా నోటి వల్ల. ఆలస్యమైతే ఇంటికే రాకు అన్నా. ఆ మాటకి తొందరపడ్డాడు. పెళ్ళయ్యాక జాగ్రత్తగా మాట్లాడు. నోట్లోంచి వచ్చిందాన్ని మళ్ళీ లోపల పెట్టుకోలేం."

అమ్మాయి ఫోనొచ్చినట్టు చేసి లోపలికి వెళ్ళిపోయింది. షెడ్డులో ఇద్దరే మిగిలారు. వదిన బల్ల మీద కూర్చుని, ఎడమచేత్తో కుడి భుజం వత్తుకుంటోంది. ఊరుకో వదినా అనాలి ఇప్పుడు. ఎప్పుడూ అనేదే. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఆవిడ భుజం వత్తుకునే చేతిని చూస్తే ఆ మాట బయటికి రాలేదు.

"వదినా. అన్న తొందరపడలేదు."

"నువ్వు చూశావా ఏంటి?"

"చూడక్కర్లేదు. నడిచినంత మెల్లగా పోయినా ఆ మలుపులో ఆ బండి తిరిగేది కాదు. ముందు ఆరు దిమ్మలుండాలి. నాలుగే ఉన్నాయి."

"ఆరున్నాయిగా. వాళ్ళు లెక్కపెట్టారుగా."

"రెండు నేను తర్వాత పెట్టా."

వదిన చెయ్యి ఆగింది. అతను నేలకేసి చూస్తూ మొత్తం చెప్పాడు. సాయంత్రం ఎవరికో కావాలంటే తియ్యడం, ఒక్కపూటేగా అనుకోవడం, పొద్దున్న అన్న ముందే వచ్చి వెళ్ళిపోవడం. ఇరవై రెండేళ్ళు కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. చెప్పడానికి పట్టింది రెండు నిమిషాలు.

బయట రోడ్డు మీద ఏదో లారీ పోయింది. ఆ చప్పుడు పూర్తిగా తగ్గాక ఆవిడ అడిగింది.

"తర్వాతంటే ఎప్పుడు?"

"బండి ఇక్కడికి లాక్కొచ్చిన రోజే. మధ్యాహ్నం."

"అప్పటికి ఆయన్ని ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్ళలేదు."

"ఊఁ."

"నేను ఆయన తల దగ్గర కూర్చుని ఉన్నా. నువ్వొచ్చి నా పక్కన కూర్చున్నావు. నీ చేతులు తడిగా ఉన్నాయి. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చాడు పాపం అనుకున్నా." ఆవిడ గొంతు లేవలేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు మెల్లగా అంటోంది. "అందరూ ఆయన్ని దూకుడు మనిషన్నారు. నువ్వు విన్నావు. నా నోటి వల్లే పోయాడని నేను ఏడుస్తుంటే, ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చున్నావు. ఎలా దిగింది అబ్బాయ్ ముద్ద?"

"చెబుదామనే వదినా, ప్రతిసారీ..."

"ఊరుకో వదినా, ఊరుకో వదినా అంటే, నా బాధ చూడలేక అంటున్నాడనుకున్నా."

అతనికి ఏడుపొచ్చింది. యాభై ఆరేళ్ళ మగవాడు, గ్రీజు చేత్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు. తిట్టలేదు కూడా. తిట్టినా బాగుండేది.

"అయితే నా మాటకి జడిసి తొందరపడలేదన్నమాట."

"లేదు."

"నడిచినంత మెల్లగా పోయినా అంతేనన్నావు."

"అంతే వదినా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. తెరిచినప్పుడు మొహంలో ఏదో సడలినట్టు కనిపించింది గానీ, అది అతని కోసం కాదు. "ఈ ముక్క అప్పుడే చెప్పి ఉంటే నేనెలా ఉండేదాన్నో," అంది. "ఇంకోలా ఉండేదాన్నేమో. ఇప్పుడు తెలుసుకుని ఏం చేసుకోను, అరవై ఏళ్ళొచ్చాక?"

తర్వాత లేచి, బండి వైపు గడ్డం చూపించింది. "దించెయ్. ఎక్కువున్నవన్నీ."

అతను గొలుసు పుల్లీ లాక్కొచ్చాడు. ఒక్కో బోల్టే విప్పి, ఒక్కో దిమ్మే దించాడు. మామూలుగా పావుగంట పని. ఇవాళ అరగంట పట్టింది. ఆ అరగంటా వదిన అతని వంక చూడకుండా గేటు కేసి చూస్తూ నిలబడింది. నాలుగోది దిగగానే బండెక్కింది. ఇంజను వేసి, పట్టీ ఉన్న కుడిచేత్తో స్టీరింగు కొద్దిగా కదిపి చూసింది. కదిలింది. ఇంకాస్త తిప్పింది. సీట్లోంచి లేవకుండానే బండి చక్కగా మళ్ళింది. ఆ చేతికేసి ఆవిడ కాసేపు అలాగే చూసుకుంది.

గేటు దగ్గర ఆపింది. అతను పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఏదో ఒకటి అంటుందని, ఏమన్నా పడదామని.

"అమ్మకానికి ఎవర్నీ చూడకు. నేనే నడుపుతా," అంది రోడ్డు వైపే చూస్తూ. "ఆదివారం నీకోసం వండను."

బండి రోడ్డెక్కింది. ఒంటిచేత్తో తిప్పింది మలుపు.

అతను లోపలికి వచ్చాడు. దించిన నాలుగు దిమ్మలూ గోడవారకి చేర్చి, పలకల మీద మట్టి ఊడ్చాడు. ఇంజనీరమ్మ తొంగి చూసి, "పెద్దమ్మ వెళ్ళిపోయిందా? స్టీరింగు తేలికయ్యిందందా?" అని అడిగింది. "అయ్యింది తల్లీ," అన్నాడు. ఆ పిల్ల సంతోషంగా లోపలికి పోయింది. ఆదివారం అంటే ఇంకా మూడు రోజులుంది. ఆ రోజు ఏం చెయ్యాలో, ఎక్కడ తినాలో అతనికి తెలియదు. ఆవిడ చెప్పింది న్యాయమే. ఇంకా ఎక్కువే అనాల్సింది.

చీపురు పక్కన పెట్టబోతూ పనిబల్ల చివర చూశాడు. ట్రాక్టరెక్కినప్పుడు అమ్మాయి సీటు మీంచి తీసి అక్కడ పెట్టిన దిండు. మళ్ళీ వెయ్యడం ఎవరికీ గుర్తులేదు. ఇంత దూరం వదిన వట్టి ఇనపసీటు మీద కూర్చుని పోతోంది. దిండు పట్టుకుని గేటు దాకా వెళ్ళాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. ఇచ్చిరావడానికి ఆ ఇంటి గడప ఎలా ఎక్కాలి? వెనక్కి తెచ్చి, నూనె అంటకుండా కింద ఒక కాగితం పరిచి, బల్ల మీద పెట్టాడు. అన్న పాత చొక్కా విప్పి కుట్టిన దిండు అది, రంగు వెలిసిన నీలం గళ్ళ చొక్కా. దాని జేబు అలాగే ఉంది, జేబుకి గుండీ పెట్టే ఉంది.